నలభై రకాల నాటు విత్తనాల డబ్బా: నాలుగేళ్లు వాడాక

2021 మార్చిలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నలభై చిన్న కాగితం కవర్లు, ఒక్కోదాంట్లో పది నుంచి యాభై గింజలు, అన్నీ కలిపి 599 రూపాయలు. మూత మీద ‘స్వచ్ఛమైన నాటు విత్తనాలు, ఒకసారి కొనండి, తరతరాలు దాచుకోండి’ అని రాసుంది. అమ్మినవాళ్ల పేరు చెప్పను. మాది హైదరాబాద్‌లో మిద్దె తోట. ముప్పై గ్రోబ్యాగులు, పాత నీళ్ల ట్యాంకుని సగానికి కోయించి చేసుకున్న రెండు తొట్లు. నాలుగేళ్ల తర్వాత ఆ నలభైలో నా దగ్గర గింజ నిలిచినవి ఆరు: సొర, పందిరి చిక్కుడు, గోంగూర, తోటకూర, బచ్చలి, ఒక గుండ్రటి వంగ.

మిగతావి పోవడంలో నా తెలియనితనం కొంత, డబ్బా తప్పు ఎక్కువ. మార్చి ఎండల్లో లెట్యూస్ మొలవదు. ముప్పై డిగ్రీలు దాటితే ఆ గింజ లేవడానికి మొరాయిస్తుంది. క్యారెట్, బీట్‌రూట్, కాలీఫ్లవర్ దసరా దాటాక వేసుకోవాల్సినవి. ఉల్లి గింజకి ఆయుష్షు తక్కువ, ఏడాది దాటితే నమ్మకం లేదు. నేను అక్టోబరులో వేసిన ఇరవైలో ఒక్కటీ లేవలేదు. కవరు మీద ప్యాక్ చేసిన తేదీ ఉంది గానీ, మొలక పరీక్ష ఎప్పుడు చేశారో లేదు. ప్యాకింగ్ తేదీ అంటే కవర్లో పోసిన రోజు, గింజ ఎన్నేళ్లదో దాన్నిబట్టి తెలియదు. ఇప్పుడు ఏ కవరు తెచ్చినా ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెడతాను. వారంలో ఏడెనిమిది మొలిస్తేనే మట్టి కలిపే పని.

‘తరతరాలు’ అన్న మాట దగ్గర నాకు బాగా కోపం వచ్చింది. విదేశీ రకం క్యారెట్, క్యాబేజీ బాగా చలి తగిలితేగాని పూతకి రావు. హైదరాబాద్ మిద్దె మీద వాటి గింజ పట్టడమన్నది కల్ల. ఇక టమాటా. మొదటి ఏడు కాయలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రంగా కాశాయి. పండు పిండి, గుజ్జుతో సహా మూడు రోజులు పులియబెట్టి, కడిగి ఆరబెట్టి, మరుసటి ఏడు వేశాను. కొన్ని గుండ్రం, కొన్ని కోల, ఒక మొక్కకి గోలీలంత. టమాటా సాధారణంగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి పక్క మొక్క మీద నింద వేయలేం. నాటు పేరుతో హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి పుట్టించింది, దాని గింజ వేస్తే మరుసటి తరం ఒకేలా రాదు) గింజ పోశారనే నా అనుమానం. బెండ మాత్రం బాగానే కాసింది. ఐదు పలకల ముదురాకుపచ్చ కాయ చూస్తే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల ఆర్క అనామికలా ఉంది. అది మంచి రకమే, గింజ దాచుకోవచ్చు కూడా. కానీ శాస్త్రవేత్తలు తయారుచేసిన రకాన్ని ‘అమ్మమ్మల కాలం నాటిది’ అని అమ్మడమేంటి?

చిక్కుడు విషయంలో తప్పు పూర్తిగా నాదే. జూన్‌లో పెట్టాను, తీగ పిట్టగోడ దాటి డిష్ యాంటెన్నా మీదకి పాకింది, సెప్టెంబరు చివరికి కూడా ఒక్క పువ్వు లేదు. గొడ్డుదని రెండు మొక్కలు పీకేశాను. ఊరి నుంచి వచ్చిన అత్తయ్య చూసి, “సంక్రాంతికి కాసే తీగని దసరాకే పీకేశావేంటే!” అన్నారు. పాత పందిరి చిక్కుడు పగలు పొట్టి అయితేగాని పూయదట. మిగిలిన ఒక్క తీగ జనవరిలో వీధంతా పంచినంత కాసింది.

ఈ డబ్బాకి పెట్టిన డబ్బంతా రాబట్టింది సొర. (మా గోదావరి వాళ్లకి ఆనపకాయ.) పక్కింట్లోనూ సొర పాదు ఉంది, పురుగులు అటూ ఇటూ తిరిగితే గింజ కలిసిపోతుంది. అందుకని మధ్యాహ్నమే, రేపో మాపో అన్నట్టున్న మగ మొగ్గ ఒకటి, కింద పిందె ఉన్న ఆడ మొగ్గ ఒకటి చూసి మూతులు దారంతో కడతాను. సొర పువ్వు విచ్చేది సాయంత్రం. ఆరున్నరకి టార్చి పట్టుకుని వెళ్లి, మగపువ్వు రేకులు తుంచి, ఆ పసుపు పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్ది, మళ్లీ మూతి కట్టేస్తాను. గుర్తుకి తొడిమకి ఎర్ర ఊలు. ఆ కాయని కూరకి కోయనివ్వను. తీగ మీదే ఎండి, ఊపితే గలగలలాడాక పగలగొడతాం. అత్తయ్య గింజల్ని నీడన ఆరబెట్టి, జల్లించిన బూడిద కలిపి, హార్లిక్స్ సీసాలో పోస్తారు. మూడేళ్లుగా అదే కాయ, అదే మెడ వంపు. ఒక్క జాగ్రత్త: ఇంట్లో తీసిన గింజతో కాసిన సొర ముక్క నాలిక్కి చేదు తగిలితే వండొద్దు, పారేయండి. ఆ చేదు విషం, ఉడికించినా పోదు.

మూలికల కవర్లు ఎనిమిది, దాదాపు అన్నీ దండగ. పుదీనాకి గింజలేంటి, మార్కెట్లో కొన్న కట్టలో నాలుగు కాడలు గుచ్చితే పోయేదానికి! రోజ్‌మేరీ ఒక్కటీ మొలవలేదు, తర్వాత నర్సరీలో మొక్క కొన్నాను. ‘ఇటాలియన్ బేసిల్’ మాత్రం గుబురుగా వచ్చింది. కిరాణా కొట్లో దొరికే సబ్జా గింజ కూడా ఆ జాతిదే, పది రూపాయలవి చల్లి చూడండి. ధనియాలు చపాతీ కర్రతో రెండు బద్దలు చేసి చల్లితే కొత్తిమీర కవరు అక్కర్లేదు.

మళ్లీ ఈ డబ్బా కొనలేదు. ఇప్పుడు మృగశిరకి పది రోజుల ముందు, ఇంట్లో తినే కూరగాయలవి మాత్రమే, విడిగా, మొలక పరీక్ష తేదీ ఉన్నవి కొంటున్నాను. కిందటేడు ఐదు కవర్లకి 180 అయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మిద్దె తోట చేసే ఇరుగుపొరుగుని ముందు అడగండి. బచ్చలి, గోంగూర గింజలు అమ్ముకునేవాళ్లని నేనింకా చూడలేదు, గుప్పెడు చేతిలో పోసి పంపిస్తారు.