నడిచి చూడాల్సిన ఐదు వంతెనలు: ఊపు, జారుడు, సామాను

పడవలోంచి చూసి మార్కులు వేస్తే వెనిస్‌లోని కాన్‌స్టిట్యూషన్ వంతెనకే మొదటి స్థానం. సూట్‌కేసు లాగుతూ ఎక్కితే మాత్రం చివరి స్థానం. స్పెయిన్ వాస్తుశిల్పి కలత్రావా గీసిన ఈ వంతెన రైల్వే స్టేషన్‌ను, బస్సులు ఆగే పియాజాలే రోమాను కలుపుతుంది; 2008లో తెరిచారు. మెట్లలో చాలా భాగం గాజే కాబట్టి తడిస్తే కాలు జారుతుంది. పైగా మెట్ల లోతు ఒకేలా ఉండదు, అడుగు లెక్క తప్పి తూలిపడేవాళ్లూ ఉన్నారు. చక్రాల కుర్చీల కోసం తర్వాత పక్కన బిగించిన గుడ్డు ఆకారపు లిఫ్ట్‌ను 2020లో పీకేశారు. గాజు తీసి ట్రకైట్ రాయి వేయాలని 2022లో నగరం నిర్ణయించింది. రైల్లో వచ్చేవాళ్లు శాంటా లూచియా స్టేషన్ వైపు, బస్సులో వచ్చేవాళ్లు పియాజాలే రోమా వైపు బస చూసుకుంటే సామానుతో ఈ వంతెన ఎక్కే పనే ఉండదు. తప్పదనుకుంటే ఒకటో నంబరు వాపొరెట్టో (కాలువల్లో బస్సులా తిరిగే పడవ) ఎక్కండి, ఒక్క స్టాపే.

స్పెయిన్‌లో బిల్బావోలోని జుబిజురి వంతెన కూడా కలత్రావాదే, అంతకు పదకొండేళ్ల ముందుది. గాజు పలకల మీద జనం జారిపడుతుంటే 2011లో నగరమే నల్లటి చాప పరిచింది. అందం పోయిందని పెదవి విరిచేవాళ్లున్నారు. వాన ఊరు కదా, నా ఓటు చాపకే.

లండన్ మిలీనియం వంతెనది జారుడు సమస్య కాదు, ఊపు. 2000 జూన్ 10న తెరిచి, రెండు రోజులకే మూసేశారు. సెయింట్ పాల్స్ చర్చి వైపు చూపు అడ్డుపడకూడదని వంతెనను మోసే తీగలను దాదాపు చదునుగా లాగారు: 144 మీటర్ల మధ్య భాగానికి వంపు 2.3 మీటర్లే. నడిచే మనిషి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు నెడతాడు, ఈ కుడి-ఎడమల జత సెకనుకు సుమారు ఒకటి. వంతెన కొద్దిగా కదలగానే జనం తూలకుండా కాళ్లు ఎడం చేసి ఆ కదలికకే అడుగు కలుపుతారు. దాంతో ఊపు ఇంకా పెరుగుతుంది. మందం పెంచితే రూపం పోతుందని ఊపును అణిచే పరికరాలు, అంటే 37 ద్రవ డ్యాంపర్లు, 52 బరువు డ్యాంపర్లు బిగించి 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. పైన నడిచి వచ్చేస్తే సగమే చూసినట్టు. ఒడ్డున కిందికి దిగి తలెత్తితే డ్యాంపర్ల చేతులు కనిపిస్తాయి.

ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో వంతెన మొత్తం 40 డిగ్రీలు ఒరిగి పడవలకు దారి ఇస్తుంది, నాలుగున్నర నిమిషాల్లో. ఒరిగినప్పుడు పైనున్న చెత్త చివర్లలోని గుంటల్లోకి దొర్లిపోతుంది. శుభ్రం చేసే ఖర్చు తగ్గించే ఇలాంటి తెలివి డిజైన్లలో అరుదు. ఒరిగే వేళలు చూసుకున్నాకే గది బుక్ చేయాలి. ఎదుటి ఒడ్డున న్యూకాజిల్ వైపు నదీతీరంలో బస చేస్తే నడక దూరమే.

సింగపూర్ హెలిక్స్ వంతెన (2010, 280 మీటర్లు) దగ్గర ఫిర్యాదు చిన్నది. మెట్లు లేకుండా సాఫీగా నడవొచ్చు, ఆగి చూసేందుకు బయటికి పొడుచుకొచ్చిన అరుగులున్నాయి, ఒక చివర బేఫ్రంట్ మెట్రో. పైకప్పు మాత్రం అక్కడక్కడే, వాన మొదలైతే గొడుగు ఉండాల్సిందే.