ఉనుక నుంచి బెంటోనైట్ దాకా: మా నూక పొట్ట, లిట్టర్ టబ్బు, 14 నెలల అనుభవం

2023 కార్తీకమాసంలో మిర్యాలగూడ దగ్గరి ఒక రైసుమిల్లు నుంచి నాలుగు నెలల పిల్లికూనను నల్లగొండలోని మా ఇంటికి తెచ్చుకున్నాము. ఒళ్లంతా నూకల రంగులో ఉన్నందున మా అత్తమ్మ దానికి నూక అని పేరు పెట్టింది. అప్పటినుంచి 14 నెలల్లో దాని మలమూత్రాల కోసం రెండు రకాల డబ్బాలు, వాటిలో పోసే పొట్టు, మట్టి లాంటి నాలుగు రకాల లిట్టర్ వాడాము, పశువుల దవాఖానకు అయిదుసార్లు వెళ్లాము, ఒకసారి ప్లంబర్‌ను కూడా పిలిపించవలసి వచ్చింది. లిట్టర్ సంచుల మీద అందరూ వాసన గురించే రాస్తారు. మొదటి రెండు నెలలు నన్ను వేధించిన ప్రశ్న వేరు: ఈ పిల్లి పొట్టలో ఏమి జరుగుతున్నదో ఏ లిట్టర్ నాకు సరిగ్గా చూపిస్తుంది? ఈ సమీక్ష ఆ దృష్టితో రాసినదే కాబట్టి, వాసన ఒక్కటే చూసుకునేవారికి నా తీర్పులు కొంత విడ్డూరంగా తోచవచ్చు.

మొదటిది హైదరాబాదు నుంచి తెప్పించిన మూత డబ్బా. ముందు ఊగే తలుపు, పైన వాసన పీల్చే బొగ్గు ముక్క, ధర 1,900 రూపాయలు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, ఇంటికి వచ్చిన బంధువులకు అందులో ఏముందో తెలియదు. నాకూ తెలియలేదు, అదే దాని లోపం. మనదాకా రాని వాసన లోపలే మగ్గుతుంది. మనకన్నా ఎన్నో రెట్లు చురుకైన ముక్కు ఉన్న జంతువు దాన్ని భరించవలసి వస్తుంది. దీనికి తోడు, ఖాళీ చోటు అక్కడే ఉన్నదని నేను దాన్ని బట్టలుతికే మిషన్ పక్కన పెట్టాను. మూడో రోజు నూక లోపల ఉండగా మిషన్ బట్టలు పిండడం మొదలుపెట్టి గడగడలాడింది. ఆ తరువాత పిల్లి ఆ డబ్బా ఛాయలకు పోలేదు. దివాన్ కింద దాక్కొని, ఒకసారి పూలకుండీ మట్టిలో, మరొకసారి గోనెసంచి మీద పని కానిచ్చింది. గోనెసంచి మీద చూసిన మలం నీళ్లలా ఉండడంతో డబ్బా గొడవ పక్కకు పోయి పొట్ట గొడవ ముందుకు వచ్చింది.

ఆ విరేచనాలకు సగం కారణం మేమే. మిల్లులో ఎలుకలు, హమాలీలు పడేసిన మాంసం ముక్కలు, అన్నం మెతుకులు తిని పెరిగిన కూనకు మేము మొదటి రోజే గిన్నెనిండా పొడి దాణా పెట్టాము. "పిల్లికి పాలు పొయ్యక ఇంకేం పోస్తరు బిడ్డా?" అని అత్తమ్మ పూటకు ఒక గ్లాసు పాలు పోసింది. తల్లి పాలు మానిన తరువాత చాలా పిల్లులలో పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, ఫలితం గోనెసంచి మీద కనబడింది. కొత్త దాణా కూడా అంతే: పాత తిండిలో పావు వంతు కొత్తది కలుపుతూ ఏడు నుంచి పది రోజుల్లో పూర్తిగా మార్చాలని దాణా సంచి వెనకే రాసి ఉన్నది. నేను చదివింది పదో రోజున. పాలు ఆపడం ఒక్కరోజు పని అనుకున్నాను గాని, అత్తమ్మను ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది.

డబ్బా సంగతి తేల్చినది మిల్లులోని ఒక హమాలీ. ఫోను చేసి అడిగితే, "గది ఉనుకల తప్ప యాడ కూసోదమ్మా" అన్నాడు. ఉనుక అంటే వడ్ల పైపొట్టు. పిల్లికూనలు పుట్టిన కొన్ని వారాల్లోనే కాలికి అలవాటైన నేలను గుర్తు పెట్టుకుంటాయి; మట్టిలో పెరిగినది మట్టిని, ఇసుకలో పెరిగినది ఇసుకను వెతుక్కుంటుంది. మా జిల్లాలో వడ్ల ఉనుకకు కరువు లేదు గనుక ఒక బస్తా తెప్పించాము. మూత డబ్బాను అటక మీదికి చేర్చి, గడియారం సెంటర్ దగ్గర ప్లాస్టిక్ సామాను అమ్మే దుకాణంలో బట్టలు నానబెట్టే పొడుగాటి టబ్బు 240 రూపాయలకు కొని, ఒక పక్క అంచును అయిదు వేళ్ల ఎత్తుకు కోసి, మూడంగుళాల మందాన ఉనుక పోసి, మనుషుల రాకపోకలు తక్కువగా ఉండే వెనక వరండా మూలలో పెట్టాను. పది నిమిషాల్లో నూక అందులో ఉన్నది. 1,900 రూపాయల డబ్బా చేయలేని పని అది. టబ్బు పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న కొలతకు ఒకటిన్నర రెట్లు ఉండాలంటారు. ఎదిగిన నూక కొలత 17 అంగుళాలు, టబ్బు 26 అంగుళాలు, కాబట్టి ఈనాటికీ సరిపోతున్నది.

అయితే ఉనుకను లిట్టర్‌గా మెచ్చుకోలేను. వడ్ల పైపొట్టులో సిలికా ఎక్కువగా ఉండడం వల్ల అది నీటిని తొందరగా పీల్చదు. మూత్రం అడుగుకు జారి మడుగు కడుతుంది, సాయంత్రానికి ఘాటు మొదలవుతుంది, ఫ్యాను గాలికి పొట్టు వంటగది దాకా ఎగురుతుంది. దాని ఉపయోగమల్లా కొత్త పిల్లికి టబ్బును పరిచయం చేయడమే. ఇంకొక మేలు కూడా ఉన్నది: పలుచని మలం దాని పైన స్పష్టంగా కనబడుతుంది, ఒక చెంచాతో తీసి చిన్న డబ్బాలో వేసుకొని పరీక్షకు తీసుకుపోవచ్చు.

పరీక్షకు ఇచ్చేది అదే రోజు తాజాగా తీసినదై ఉండాలి. మొదటి నమూనాలో డాక్టరు గారు సూక్ష్మదర్శిని కింద గుండ్రటి నట్టల గుడ్లను చూపించి, బరువు చూసి నట్టల మందు ఇచ్చి, రెండు వారాలకు మళ్లీ ఇవ్వాలన్నారు. మందు పేగులో ఉన్న నట్టలనే చంపుతుంది, ఒంట్లో ఎదుగుతున్న పిల్ల నట్టలు తరువాత పేగుకు చేరుతాయి గనుక రెండో మోతాదు తప్పదు. మనుషులకు ఇచ్చే మాత్రలను అంచనాగా విరిచి వేయవద్దని గట్టిగా చెప్పారు. ఆ సందర్భంలోనే పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదని విన్నాను. రెండో మోతాదు అయిన తరువాత కూడా మలం గట్టిపడకపోవడంతో మరొక నమూనా ఇస్తే అందులో కాక్సీడియా అనే ఏకకణజీవి బయటపడింది. ఏడు రోజులు సల్ఫా మందు పోశాము. చేదుకు నురగ కక్కుతూ నా చేతుల మీద అది గీసిన గీతలు సంక్రాంతి దాకా ఉన్నాయి.

లిట్టర్ గురించి నా అభిప్రాయం మారినది ఇక్కడే. కాక్సీడియా మలంతో బయటికి వచ్చి, ఒకటి రెండు రోజుల్లో అంటుకునే స్థితికి చేరుతుంది. పిల్లి కాళ్లు నాకినప్పుడు తిరిగి పొట్టలోకి పోతుంది. అంటే మందు ఒక పక్క, టబ్బు ఒక పక్క పని చేయకపోతే జబ్బు చక్రంలా తిరుగుతుంది. మామూలు క్రిమిసంహారకాలకు అది లొంగదు, మరిగిన నీటికి లొంగుతుంది. కాబట్టి పది రోజుల పాటు ప్రతి ఉదయం టబ్బును పూర్తిగా ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, మరిగిన నీళ్లు పోసి, ఎండలో బోర్లించేదాన్ని. రోజూ మొత్తం పారబోసేటప్పుడు ఖరీదైన లిట్టర్ దండగ, అందుకని పాత దినపత్రికలను సన్నగా చింపి పైన గుప్పెడు ఉనుక చల్లాను. ఖర్చు సున్నా. పిల్లికి విరేచనాలు అవుతున్న ఇంటికి నేను చెప్పేది ఇదే: మలం గట్టిపడేదాకా లిట్టర్ కొనకండి, కాగితం వాడండి.

నేను చేసిన ఒక తప్పును కూడా ఇక్కడ రాయాలి. మొదటి వారం టబ్బును ఫినాయిల్‌తో కడిగాను. పిల్లి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను మన కాలేయంలా విరిచి బయటికి పంపలేదు. కాళ్లకంటి నాలుకకు చేరితే విషమే. అదృష్టవశాత్తు ఆ వాసనకు నూక టబ్బులో కాలు పెట్టలేదు.

సంక్రాంతి తరువాత బెంటోనైట్‌కు మారాము. నీరు తగిలితే ఉబ్బి ముద్దకట్టే ఈ బంకమట్టిని మన దేశంలో గుజరాత్‌లోని కచ్ఛ్, రాజస్థాన్‌లోని బాడ్మేర్ ప్రాంతాల్లో తవ్వుతారు. పిల్లుల కోసం మట్టిని సంచుల్లో అమ్మడం 1947లో అమెరికాలో మొదలయినప్పుడు వాడినది ముద్దకట్టని మట్టి. ముద్దకట్టేది చాలా తరువాత వచ్చింది. మరీ చిన్న కూనలు లిట్టర్‌ను నోట్లో పెట్టుకుంటాయి, మింగితే అది లోపల ఉబ్బుతుంది కాబట్టి ఆ వయసులో వాడకూడదు. నూకకు అప్పటికి ఆరు నెలలు. దాణాతో నేర్చుకున్న పాఠాన్ని ఇక్కడ వాడాను: ఉనుకలో పావు వంతు బెంటోనైట్, మూడు రోజులకు సగం, మరో నాలుగు రోజులకు ముప్పావు. ఒక్క పూట కూడా అది టబ్బు తప్పలేదు.

ఏడాది వాడిన తరువాత బెంటోనైట్‌కే నా ఓటు, అందుకు కారణం లెక్క. మూత్రం ముద్దలు రోజుకు ఎన్ని, ఏ పరిమాణంలో ఉన్నాయో జాలిగంటెతో తీసేటప్పుడే తెలుస్తుంది. పాలవాడి లెక్క రాసుకునే గోడ క్యాలెండరులోనే నేను ముద్దల సంఖ్యను, మలానికి ఒకటి నుంచి ఏడు వరకు మార్కును రాస్తాను: ఒకటి అంటే మేక పెంటికల్లాంటి గట్టిది, ఏడు అంటే నీళ్లు, రెండు మూడు మంచివి. అత్తమ్మ మొదట నవ్వింది, ఇప్పుడు నేను ఊరికి పోతే ఆమే రాస్తుంది. మే నెలలో మా ఊరి ఎండకు రోజుకు మూడుగా ఉండే ముద్దలు ఒకటికి తగ్గి, మలం ఒకటో నంబరుకు ఎండిపోయినది క్యాలెండరులోనే ముందు కనబడింది. దాణాలో నీళ్లు కలిపి, టబ్బుకు దూరంగా మూడు చోట్ల మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టి, ఉప్పు కారం లేకుండా ఉడికించిన గుమ్మడి గుజ్జు రోజుకు ఒక చెంచా తిండిలో కలిపితే నాలుగు రోజుల్లో సర్దుకున్నది. నూక ఆడపిల్లి గనుక ముద్దలు తగ్గినా నేను నీళ్లతో సరిపెట్టగలిగాను. మగపిల్లి టబ్బులో పదేపదే కూర్చొని ముక్కుతూ చుక్క మూత్రం కూడా పోయకపోతే అది మలబద్ధకం అనుకోకూడదు. మూత్రనాళం మూసుకుపోయి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే దవాఖానకు పరుగెత్తాలి.

లోపాలు లేవని కాదు. సంచి ఒంపేటప్పుడు లేచే దుమ్ముకు నేను ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను. కూలరు ముందు టబ్బు పెడితే తేమకు పైపొర అంటుకుపోతుంది. వానకాలంలో సంచి మూతి తెరిచి ఉంచితే అడుగు గడ్డకడుతుంది, అందుకని బియ్యం డబ్బాలో పోసి మూత పెడతాను. అయిదు కిలోల సంచి మాకు 420 రూపాయలకు దొరుకుతున్నది, నెలకు ఒకటిన్నర సంచి పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని మరుగుదొడ్డిలో పోయకూడదు. నేను పోశాను. పైపులో సిమెంటులా పట్టుకొని, ప్లంబర్‌కు 800 రూపాయలు ఇచ్చాక గాని వదలలేదు. ఇప్పుడు కాగితంలో చుట్టి చెత్త ఆటోలో వేస్తున్నాము.

మిగిలిన రెండింటి గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. రంపపుపొట్టు గుళికలు ఇల్లంతా కొత్త కలప వాసన నింపుతాయి, దుమ్ము తక్కువ. కాని తడికి పొడిపొడిగా రాలిపోయి, మలం మెత్తగా ఉన్న రోజున దానికి చుట్టూ పట్టుకొని అసలు రూపాన్ని దాచేస్తాయి. సిలికా స్ఫటికాలు ఇంకా మోసం: మూత్రాన్ని కనబడకుండా మింగేస్తాయి, మలాన్ని ఎండబెట్టి నాలుగో నంబరును మూడులా చూపిస్తాయి. ఆరోగ్యం కుదుటపడిన, వయసు మళ్లని పిల్లికి, వారంలో రెండు రోజులు ఊళ్లో ఉండని యజమానికి అవి సుఖం కావచ్చు. పరుగెత్తి వచ్చి దూకే నూకకు ఆ గరుకు రాళ్లు నచ్చలేదు, అర సంచి పక్కింటివారికి ఇచ్చాను.

తిండి విషయంలో ఇప్పటికీ ఇంట్లో చిన్న వాదన నడుస్తుంది. పెరుగన్నం పిల్లికి చలవ అని అత్తమ్మ నమ్మకం. పిల్లి మాంసం మీదనే బతికే జంతువు. టారిన్ అనే పదార్థాన్ని అది తన ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు, అది దొరికేది మాంసంలోనే. అది తక్కువైతే కంటి వెనక పొర (రెటీనా) దెబ్బతింటుంది; గుండె కండరం కూడా సాగిపోతుందని 1987లో తేలింది. మేము కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం పెరుగన్నం ఒక గోరుముద్ద, అదీ దాణా తిన్న తరువాత. ఆదివారం కోడికూర వండేటప్పుడు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేయకముందే రెండు ముక్కలు తీసి విడిగా ఉడికిస్తాము. ఆ రెండూ పిల్లి రక్తకణాలను పగలగొడతాయి.

గర్భంతో ఉన్న మా ఆడపడుచు శ్రావణంలో నెల రోజులు ఉండడానికి వచ్చినప్పుడు పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని చాలామంది చెప్పారు. వాళ్ల భయం పిల్లి మలం ద్వారా అంటుకొని కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే ఏకకణజీవి గురించి. అది మలంలో వచ్చినా అంటుకునే స్థితికి చేరడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది కాబట్టి ఆ నెలంతా రోజుకు రెండుసార్లు టబ్బు తీసి, ఆ పని ఆమె చేతికి పోకుండా చూసుకున్నాము. నూక ఎక్కడికీ పోలేదు.

కోసిన అంచు దగ్గర టబ్బు ఈ మధ్య చీలింది, గీతల్లో వాసన కూడా పట్టింది. అదే దుకాణంలో అదే కొలత టబ్బు నిన్న తెచ్చాను. పాతదాన్ని మాత్రం వెంటనే పారేయను. అందులోని లిట్టర్ రెండు గుప్పిళ్లు కొత్తదాంట్లో కలిపి, రెండింటినీ వారం రోజులు పక్కపక్కన ఉంచుతాను.