బాల్డర్స్ గేట్: అయిదు సీడీల పెట్టెనా, కొత్త ఎడిషనా?

కడపలో మా బీరువాలో 1998 నాటి బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆట పెట్టె ఉంది. అయిదు సీడీలు, లావుపాటి మాన్యువల్. ఆట మొత్తం హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించకపోతే మధ్యలో సీడీలు మార్చాల్సిందే. బొమ్మ 640×480 పిక్సెళ్లలోనే వస్తుంది.

2012లో అదే ఆటను మెరుగుపరిచి తెచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌కు ఆ ఇబ్బంది లేదు. వెడల్పు స్క్రీన్‌కు సరిపోతుంది, జూమ్ ఉంది. టేల్స్ ఆఫ్ ది స్వోర్డ్ కోస్ట్ అనే అదనపు భాగం అందులోనే కలిసి వస్తుంది, నీరా లాంటి కొత్త పాత్రలూ ఉన్నాయి. ఆడటానికైతే నా ఓటు దీనికే.

దాచుకోవడానికి మాత్రం పాత పెట్టే. అప్పటి త్రీడీ వీడియోల స్థానంలో కొత్తదాంట్లో చేత్తో గీసిన బొమ్మల సన్నివేశాలు పెట్టారు. ఎంత అందంగా ఉన్నా, నేను మొదటిసారి చూసి నోరెళ్లబెట్టినవి అవి కావు. ఆ వీడియోలు ఆ సీడీల్లో ఉన్నాయి. పైగా మాన్యువల్ ఒళ్లో పెట్టుకుని మంత్రాల వివరాలు చదవడం నాకు ఆటలో సగం.

మా ఊరి ఎండకు అట్టపెట్టె జాగ్రత్త. గోడకు ఆనించకండి, చెద పడుతుంది. కిటికీ ఎండ తగలనివ్వకండి. కొన్న రోజే సీడీలన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.