క్యూటీ 6 పేరుతో క్యూటీ 5 పాఠాలు: కోర్సు కొనేవాళ్లు జాగ్రత్త

పైథాన్‌తో డెస్క్‌టాప్ యాప్‌లు చేయడం నేర్చుకోవాలని క్యూటీ 6 (విండోలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్) కోర్సు వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "సరికొత్త క్యూటీ 6, జీరో నుంచి ప్రొఫెషనల్ వరకు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న వీడియో కోర్సు ఒకటి కొన్నాను. లోపల ఉన్నవి క్యూటీ 5 పాఠాలు. పేరూ, పై బొమ్మా మార్చి మళ్లీ అమ్ముతున్నారు.

కోర్సు మొదటి భాగమంతా పైథాన్ బేసిక్సే. వేరియబుల్స్, లూప్‌లు, ఫంక్షన్లు. అసలు విండో తెరిచే పాఠం వచ్చేసరికి రీఫండ్ గడప దాటిపోతాం, ఎందుకంటే కోర్సులో కొంత శాతం చూసేస్తే డబ్బు వెనక్కి ఇవ్వమన్నది వాళ్ల షరతు. ఆ భాగాన్ని ముందు పెట్టింది అందుకేనని నా అనుమానం.

విండోను స్క్రీన్ మధ్యలో నిలబెట్టే పాఠం దగ్గర విషయం బయటపడింది. టీచర్ క్యూడెస్క్‌టాప్‌విడ్జెట్ అనే క్లాస్ ఇంపోర్ట్ చేశాడు. వీడియోలో పనిచేసింది. నా దగ్గర పైక్యూటీ6 (పైథాన్ నుంచి క్యూటీ 6ను వాడుకునే లైబ్రరీ) ఉంది, ఇంపోర్ట్ లైన్ దగ్గరే ఎర్రర్. ఆ క్లాస్‌ను క్యూటీ 6లో తీసేశారు, ఇప్పుడు స్క్రీన్ వివరాలు క్యూస్క్రీన్ నుంచి తీసుకోవాలి. తర్వాతి పాఠం మెనూలు. అక్కడ క్యూయాక్షన్‌ను క్యూటీవిడ్జెట్స్ నుంచి తెచ్చాడు, అది క్యూటీ 6లో క్యూటీగుయ్‌లోకి మారిపోయింది. మళ్లీ ఎర్రర్. డైలాగ్ తెరిచే చోట చివర అండర్‌స్కోర్ ఉన్న పాత ఎగ్జెక్ పిలిచాడు, పైక్యూటీ6లో అది లేదు. అక్షరాలను మధ్యలో పెట్టే అలైన్‌సెంటర్ లాంటి పేర్లు కూడా పైక్యూటీ6లో అలైన్‌మెంట్‌ఫ్లాగ్ ద్వారా పూర్తిగా రాయాలి, పొట్టిగా రాస్తే ఒప్పుకోదు.

క్యూటీ 6.0 వచ్చింది 2020 డిసెంబర్‌లో. ఈ మార్పులు నిన్నా మొన్నా వచ్చినవి కావు. పాఠాలు కొత్తగా రికార్డు చేసి ఉంటే ఆ పాఠాల్లో టీచర్‌కే ఈ ఎర్రర్లు ఎదురయ్యేవి.

అమ్మినవాళ్లకు ఎర్రర్ కాపీ చేసి పంపితే మొదట పైథాన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. గట్టిగా అడిగితే "పైక్యూటీ5 ఇన్‌స్టాల్ చేసుకుని ఫాలో అవండి" అన్నారు. మరి పేరులో 6 ఎందుకు పెట్టారు అంటే జవాబు లేదు. నాకు బాధ కలిగించింది డబ్బు ఒక్కటే కాదు. ఇప్పుడిప్పుడే కోడ్ మొదలుపెట్టినవాళ్లు ఈ ఎర్రర్లు చూసి తప్పు తమదే అనుకుంటారు. వీడియోలో నడిచిన కోడ్ తన దగ్గర నడవకపోతే ప్రోగ్రామింగ్ నాకు రాదేమో అని వదిలేసేవాళ్లు ఉంటారు. తప్పు వాళ్లది కాదు.

వెర్షన్ గొడవ పక్కన పెట్టినా, చెప్పిన పద్ధతే ప్రమాదకరం. ప్రతి బటన్‌నూ, ప్రతి లేబుల్‌నూ ఎక్స్, వై కొలతలిచ్చి నిలబెట్టించాడు. విండో సైజును బట్టి అన్నిటినీ వాటంతటవే సర్దే లేఅవుట్ల గురించి ఒక్క పాఠమూ లేదు. విండో పెద్దది చేస్తే అన్నీ ఎడమ మూలనే ఉండిపోతాయి. నేను ఆ అభ్యాసంలోని ఫారంను తెలుగులో పెట్టి చూశాను. ఇరవై పిక్సెళ్ల ఎత్తు బిగించిన లేబుల్‌లో "స్త్రీ", "వృత్తి" అన్న మాటల కింది వత్తులు సగానికి తెగిపోయాయి. పక్కనున్న పెట్టె కిందికి "పుట్టిన తేదీ" దూరిపోయింది. అదే ఫారంను క్యూఫారంలేఅవుట్‌లో పెడితే ఒక్క కొలత కూడా ఇవ్వకుండానే అన్నీ సర్దుకున్నాయి.

ఇంకోటి. బటన్ నొక్కగానే పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ చేసే యాప్ చేయించాడు, డౌన్‌లోడ్ కోడ్ నేరుగా ఆ బటన్ ఫంక్షన్‌లోనే. క్లిక్‌లూ, మళ్లీ గీయడాలూ అన్నీ చూసుకునే ఈవెంట్ లూప్ నడిచేది మెయిన్ థ్రెడ్‌లో (థ్రెడ్ అంటే ప్రోగ్రాం లోపల విడిగా నడిచే పని వరుస). దాన్ని ఆపేస్తే విండో బిగుసుకుపోతుంది, స్పందించడం లేదని విండోస్ చెబుతుంది. దానికి ఆయన చెప్పిన మందు మధ్యమధ్యలో ప్రాసెస్‌ఈవెంట్స్ పిలిచి, ఆగి ఉన్న క్లిక్‌లను చూసుకోమనడం. నిజానికి ఆ పనిని క్యూథ్రెడ్‌కో, క్యూథ్రెడ్‌పూల్‌కో అప్పగించి, ఎంత పూర్తయిందో సిగ్నల్ (క్యూటీలో ఒక భాగం మరోదానికి పంపే కబురు) ద్వారా తెప్పించుకోవాలి. వేరే థ్రెడ్ నుంచి బటన్, లేబుల్ లాంటి విడ్జెట్‌ను నేరుగా ముట్టుకోకూడదు, ముట్టుకుంటే యాప్ ఎప్పుడు కూలుతుందో చెప్పలేం. డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్‌లో ఇంతకంటే ముఖ్యమైన పాఠం నాకు తెలియదు. అది ఈ కోర్సులో లేదు.

చివరి పాఠంలో ఒక మాట అన్నాడు, అది వింటే ఇంకా టెన్షన్ వస్తుంది. "పైక్యూటీ ఫ్రీ, మీ సాఫ్ట్‌వేర్ ధైర్యంగా అమ్ముకోండి" అని. పైక్యూటీ, యాప్‌తో పాటు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్స్‌తో గానీ, డబ్బు కట్టి తీసుకునే కమర్షియల్ లైసెన్స్‌తో గానీ వస్తుంది. సోర్స్ కోడ్ ఇవ్వకుండా యాప్ అమ్మాలంటే కమర్షియల్ లైసెన్స్ కావాలి. పైథాన్ కోసం క్యూటీ కంపెనీ వాళ్లే చేసిన లైబ్రరీ పైసైడ్6కు కాస్త సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్ లైసెన్స్ కూడా ఉంది, దాని షరతులు పాటిస్తే మీ కోడ్ మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఉద్యోగం కోసమో, సొంత ప్రాడక్ట్ కోసమో నేర్చుకునేవాళ్లకు ఈ తేడా మొదటి రోజే చెప్పాలి.

కాబట్టి కొనే ముందు ఫ్రీ ప్రివ్యూ వీడియో ఆపి ఇంపోర్ట్ లైన్లు చదవండి. పైక్యూటీ5 అనో, పైసైడ్2 (క్యూటీ 5 కాలపు పైసైడ్) అనో కనిపిస్తే అది పాత సరుకే. పాఠాల జాబితాలో లేఅవుట్లు, సిగ్నల్స్, థ్రెడ్లు, మోడల్-వ్యూ (డేటానూ, దాన్ని చూపే పట్టికనూ విడిగా ఉంచే పద్ధతి) లేకపోతే వదిలేయండి. ఏ వెర్షన్‌తో రికార్డు చేశారో మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి. వేరే ఫ్రేమ్‌వర్క్‌లకూ ఇదే పరీక్ష. విన్‌యూఐ 3 (విండోస్ యాప్‌ల కోసం మైక్రోసాఫ్ట్‌ది) అని చెప్పి కోడ్‌లో విండోస్ డాట్ యూఐ డాట్ జామెల్ కనిపిస్తే అది పాత యూడబ్ల్యూపీ పాఠం, కొత్తదాంట్లో ఆ పేరు మైక్రోసాఫ్ట్‌తో మొదలవుతుంది. జీటీకే 4 (లైనక్స్‌లో ఎక్కువగా వాడే టూల్‌కిట్) అంటూ షో ఆల్, కంటైనర్ యాడ్ వాడుతుంటే అవి జీటీకే 3 పద్ధతులు.

ఈ కోర్సు ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు పైసైడ్6 ఇన్‌స్టాల్ చేసుకుని, ఇంపోర్ట్‌లలో పైక్యూటీ5 ఉన్నచోట ఆ పేరు పెట్టండి. పొట్టి అలైన్‌సెంటర్‌నూ, పాత ఎగ్జెక్‌నూ అది పైక్యూటీ6 అంత కఠినంగా తిప్పికొట్టదు. క్యూయాక్షన్‌ను మాత్రం క్యూటీగుయ్ నుంచి తెచ్చుకోవాలి, పైక్యూటీసిగ్నల్ అన్నచోట ఉత్త సిగ్నల్ అని రాయాలి, విండోను మధ్యలో పెట్టే పాఠం వదిలేయాలి. కొలతలిచ్చి నిలబెట్టిన విండోలన్నీ లేఅవుట్లతో మళ్లీ కట్టండి. దానికి క్యూటీ అధికారిక డాక్యుమెంటేషన్‌లోని పైథాన్ ట్యుటోరియల్స్ చాలు, అవి ఉచితం. ఎక్కడైనా ఎర్రర్ దగ్గర ఆగిపోతే ఆ లైన్ ఇక్కడ పెట్టండి, తెలిసినంత వరకు చెబుతాను.