స్టేజీ మీది ఫెమినిజమా, సెట్‌లో ఫెమినిజమా: ఏది మేలు?

ఆడా మగా సమానమని నమ్మితే సరిపోతుందా, సమానంగా లేనిదాన్ని సరిచెయ్యాలా? తారలు చెప్పే ఫెమినిజాన్ని ఈ ప్రశ్నతో జల్లెడ పట్టండి.

2014 ఆగస్టు 24న ఎంటీవీ అవార్డుల వేదికపై అమెరికా గాయని బియాన్సే వెనక 'ఫెమినిస్ట్' అన్న మాట నిలువెత్తు అక్షరాల్లో వెలిగింది. ఆ వెలుగు ముందు ఆమె నల్లని నీడలా నిలబడింది. ఆమె పాటలో వినిపించేది నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీ గొంతు, 2012లో లండన్‌లో చేసిన ప్రసంగంలోది. ఆ ప్రసంగంలో రెండు నిర్వచనాలున్నాయి. నిఘంటువు ప్రకారం సామాజిక, రాజకీయ, ఆర్థిక సమానత్వాన్ని నమ్మే మనిషి ఫెమినిస్టు. అడిచీ సొంత నిర్వచనంలో, సమస్య ఉందని ఒప్పుకుని దాన్ని సరిచెయ్యాలనే ఆడ గానీ మగ గానీ. పాటలోకి మొదటిదే ఎక్కింది, 'సరిచెయ్యాలి' అన్న ముక్క జారిపోయింది. తిట్టులా వాడే మాటను అంతమంది అభిమానుల ముందు తలెత్తుకునేలా చెయ్యడం చిన్న పని కాదు. కానీ నమ్మడానికి ఎవరికీ ఏ ఖర్చూ లేదు.

నెల తిరక్కుండానే, సెప్టెంబర్ 20న, ఐక్యరాజ్యసమితిలో నటి ఎమ్మా వాట్సన్ 'హీ ఫర్ షీ' ప్రచారం మొదలుపెడుతూ మగవాళ్లను కలిసి రమ్మంది. మగతనం పోతుందన్న భయంతో సాయం అడగలేని కుర్రాళ్ల సంగతీ ఎత్తింది. మారాల్సింది ఎవరో ఇక్కడ తెలుస్తుంది. అయితే మామూలు మనిషిని ఆ ప్రచారం అడిగింది వెబ్‌సైట్‌లో ఒక ప్రతిజ్ఞ. అది నొక్కాక ఇంట్లో గిన్నెలెవరు తోముతున్నారో చూసేవాళ్లు లేరు.

మా ఓటు మూడోదానికి. 2017లో మలయాళ సినిమా మహిళలు పెట్టుకున్న విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్‌కు. మలయాళ సినిమాలో ఆడవాళ్ల పరిస్థితులపై కేరళ ప్రభుత్వం వేసిన హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటపడింది. అందులో, సెట్‌లో మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఇది సరిచెయ్యగలిగిన విషయం, సరిచేశారో లేదో వెళ్లి చూడగలిగిన విషయం. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని, దానికి మహిళే అధ్యక్షత వహించాలని, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలని, బయటివారొకరు ఉండాలని 2013 చట్టం చెబుతోంది. సినిమా యూనిట్లకూ ఇది తప్పదని కలెక్టివ్ వేసిన కేసులో కేరళ హైకోర్టు 2022లో తేల్చింది. ఫిర్యాదుకు గడువు 3 నెలలు, విచారణకు 90 రోజులు. షూటింగ్ ముగిస్తే యూనిట్ చెదిరిపోతుంది, సాక్షులు తలో సినిమాకీ వెళ్లిపోతారు. అందుకే మొదటి రోజు షూటింగ్‌కు ముందే కమిటీ వెయ్యాలి, సభ్యుల ఫోన్ నంబర్లు సెట్‌లో అంటించాలి.

ఈ కలెక్టివ్‌ను చూసే 2019లో తెలుగులో వాయిస్ ఆఫ్ విమెన్ పుట్టింది. హేమ నివేదిక రాగానే సమంత అడిగింది కూడా కొలవగలిగినదే: తెలుగు సినిమాలో లైంగిక వేధింపులపై తెలంగాణ ప్రభుత్వానికి అందిన ఉపసంఘం నివేదికను బయటపెట్టమని.