కొబ్బరి నూనె, మామూలు వంటనూనెలు: గుండెకు ఏది మేలు?

కొబ్బరి నూనె వంటకు మంచిదేనా అని అడిగేవాళ్ళు దాని వెనకాలే ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు: "ఎల్‌డీఎల్ పెరుగుతుందంటున్నారు సరే, హెచ్‌డీఎల్ కూడా పెరుగుతుందట కదా, చెల్లుకు చెల్లే కదా?" ఎల్‌డీఎల్ అంటే ‘చెడు కొలెస్ట్రాల్’ అనేది, హెచ్‌డీఎల్ అంటే ‘మంచి కొలెస్ట్రాల్’ అనేది. ఇదే మాట పదేపదే వింటున్నాను కాబట్టి విడిగా రాస్తున్నాను. నా దృష్టిలో ఈ తగువంతా తేలేది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే.

ఒక పక్క కొబ్బరి నూనె, ఇంకో పక్క వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఆలివ్ లాంటి నూనెలు. కొబ్బరి నూనెలో కొలెస్ట్రాల్ ఉండదన్నది నిజమే, కానీ మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, కాబట్టి సీసా మీద ఆ మాట చూసి ఎంచుకోవడానికి ఏమీ లేదు. తేడా అంతా సంతృప్త కొవ్వులో (శాచురేటెడ్ ఫ్యాట్) ఉంది. కొబ్బరి నూనెలో అది 80 శాతం పైనే, వేరుశెనగ నూనెలో 17 శాతం దాకా, ఆలివ్, నువ్వుల నూనెల్లో 14, పొద్దుతిరుగుడులో 11 శాతం ఉంటుంది. ఒక్క టేబుల్ స్పూన్ కొబ్బరి నూనెతో 11, 12 గ్రాముల సంతృప్త కొవ్వు లోపలికి వెళ్తుంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పే హద్దు దాదాపు 13 గ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 22. అంటే మొదటి లెక్క ప్రకారం ఒక్క స్పూనుతోనే రోజు కోటా ఇంచుమించు అయిపోతుంది.

చల్లబడితే పేరుకునే నూనె కాబట్టి రక్తనాళాల్లోనూ అలాగే పేరుకుంటుందని భయపడేవాళ్ళున్నారు, అది నిజం కాదు. జరిగేది వేరు. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయంలో ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే వాటి పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఇచ్చే స్టాటిన్ మాత్రలు దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తాయి, ఆ గ్రాహకాలను పెంచుతాయి.

2020లో ‘సర్క్యులేషన్’ అనే వైద్య పత్రికలో, మనుషుల మీద చేసిన 16 ట్రయల్స్‌ను కలిపి లెక్కగట్టిన విశ్లేషణ వచ్చింది. మామూలు వంటనూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె వాడినప్పుడు ఎల్‌డీఎల్ సగటున (డెసిలీటరు రక్తానికి) 10 మి.గ్రా. పెరిగింది, హెచ్‌డీఎల్ 4 మి.గ్రా. పెరిగింది. కొబ్బరి నూనె అభిమానులు దీనికి బదులుగా 2018 నాటి బ్రిటిష్ ట్రయల్‌ను చూపిస్తారు. అందులో రోజుకు 50 గ్రాముల చొప్పున నాలుగు వారాలు తీసుకుంటే వెన్న ఎల్‌డీఎల్‌ను పెంచింది, కొబ్బరి నూనెకూ ఆలివ్ నూనెకూ మాత్రం ఎల్‌డీఎల్‌లో తేడా కనబడలేదు. ఆ ఫలితాన్ని నేను కొట్టిపారేయను. కానీ నాలుగు వారాల ఒక్క ట్రయల్ ఒక పక్క, చాలా ట్రయల్స్ కలిసి చెప్పే మాట ఇంకో పక్క ఉంటే నేను రెండోదాన్నే నమ్ముతాను.

ఇక అసలు ప్రశ్న. హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళకు గుండెపోట్లు తక్కువ వస్తాయన్నది ఎన్నో దశాబ్దాలుగా చూస్తున్నదే, అందుకే దానికి ‘మంచి కొలెస్ట్రాల్’ అని పేరు. అయితే హెచ్‌డీఎల్‌ను మనమే పెంచితే గుండెకు రక్షణ దొరుకుతుందా? దాన్ని తేల్చడానికే పెద్ద పెద్ద ట్రయల్స్ చేశారు. డాల్సెట్రాపిబ్ అనే మందు ఎల్‌డీఎల్ జోలికి పెద్దగా పోకుండా హెచ్‌డీఎల్‌ను 30 శాతానికి పైగా పెంచింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు, 2012లో ట్రయల్ ఆపేశారు. స్టాటిన్‌తో పాటు నియాసిన్ (బి3 విటమిన్) ఇచ్చి చూసినప్పుడూ హెచ్‌డీఎల్ పెరిగింది, ప్రయోజనం రాలేదు. పుట్టుకతోనే హెచ్‌డీఎల్ కొంత ఎక్కువుండే జన్యువులున్నవాళ్ళను చూసినా గుండెపోటు ముప్పు తగ్గినట్టు తేలలేదు. ఎల్‌డీఎల్ సంగతి అలా కాదు. స్టాటిన్ ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, అది 39 మి.గ్రా. తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతుకు పైగా తగ్గాయి. జన్యువులు చెప్పేదీ అదే. కాబట్టి ఆ 4 మి.గ్రా.ల లాభాన్ని ఈ 10 మి.గ్రా.ల నష్టం మీద వేసి చెల్లుకు చెల్లు అనడం కుదరదు. ఒకటి నిరూపణ అయిన ముప్పు, ఇంకోటి రిపోర్టులో బాగా కనిపించే అంకె.

ఇక్కడ ఒప్పుకోవాల్సింది ఒకటుంది. కొబ్బరి నూనె తిన్నవాళ్ళలో, తిననివాళ్ళలో గుండెపోట్లు ఎన్ని వచ్చాయో నేరుగా లెక్కపెట్టిన పెద్ద ట్రయల్ లేదు, మనం మాట్లాడేదంతా ఎల్‌డీఎల్ ద్వారానే. నాకు ఆ ఆధారం చాలు.

"అది మీడియం చెయిన్ కొవ్వు, నేరుగా కాలేయానికి వెళ్ళి ఖర్చయిపోతుంది" అని కూడా అంటుంటారు. మీడియం చెయిన్ అంటే కార్బన్ల గొలుసు మరీ పొడవు కాని కొవ్వు. ఆ కొవ్వునే విడిగా తీసి చేసే ఎంసీటీ నూనె మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన మాట ఇది. ఎంసీటీ నూనెలో ఉండేవి 8, 10 కార్బన్ల ఆమ్లాలు. కొబ్బరి నూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లానిది 12 కార్బన్ల గొలుసు, అది ఎక్కువ భాగం పొడవాటి కొవ్వుల దారిలోనే రక్తంలోకి చేరుతుంది. పసిఫిక్ దీవులైన టోకెలావ్, పుకాపుకా ప్రజల ఉదాహరణా వస్తుంది. వాళ్ళు ఎక్కువగా తిన్నది పీచుతో సహా కొబ్బరే, పక్కన చేపలు. గుండె జబ్బులు అరుదే, కానీ కొబ్బరి ఎక్కువ తిన్న టోకెలావ్ వాళ్ళలో కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే ఉండేది.

వర్జిన్ అయినా రిఫైన్డ్ అయినా సంతృప్త కొవ్వు అంతే, రుచీ వాసనా తేడా. పామాయిల్‌లో ఆ కొవ్వు సగం, కొబ్బరి నూనె కంటే నయం, మిగతా నూనెల కంటే కాదు. వెన్న, నెయ్యి కూడా రోజువారీ వంటకు నేను ఎంచుకోను.

నా మాట అడిగితే రోజువారీ వంటకు వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఆలివ్‌లలో రుచికి నచ్చింది, అది కూడా కొలతగా. కొబ్బరి నూనె రుచి తప్పనిసరి అనిపించే వంటకు ఎప్పుడైనా ఒక చెంచా వేస్తే టెన్షన్ పడక్కర్లేదు. ఆరోగ్యం కోసమని ఉదయాన్నే కాఫీలోనో ఉత్తదో స్పూన్లకొద్దీ తాగడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను, ముఖ్యంగా ఇప్పటికే ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళకు, స్టెంట్ పడినవాళ్ళకు. ఇప్పటికే అలా తాగుతుంటే ఆపేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) మళ్ళీ చేయించుకుని ఎల్‌డీఎల్ గడి చూడండి. స్టాటిన్ వాడుతుంటే నూనె మార్చాం కదా అని డాక్టరును అడక్కుండా మాత్ర ఆపకండి.