నాలుగేళ్లు, మూడు బ్యాటరీలు: ఎండలో నా ఫోన్ నేర్పిన సంగతులు

2021 దసరాకు కొన్న ఫోన్ ఇది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. నాలుగేళ్లు దాటినా ఇంకా దీన్నే వాడుతున్నాను. స్క్రీన్, కెమెరా, స్పీకర్ ఇప్పటికీ బాగానే ఉన్నాయి. చెప్పాల్సిందంతా బ్యాటరీ గురించే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్ వచ్చిందంటే పొద్దున్నే చేతిలోకి తీసుకున్న ఫోన్ రాత్రి దాకా దిగదు. రైతులతో మాటలు, బస్తాల ఫొటోలు, తక్‌పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) వాట్సాప్‌లో పంపడం, అంతా దీంట్లోనే. మొదటి ఏడాదిన్నర రాత్రి ఇంటికొచ్చేసరికి ముప్పై శాతం మిగిలేది.

ఆ తర్వాత బ్యాటరీ పాడవడం మొదలైంది. తప్పు నాదే. బండి హ్యాండిల్‌కు హోల్డర్ పెట్టి, మే నెల ఎండలో మ్యాప్ నడుస్తుండగా ఛార్జింగ్ కూడా పెట్టేవాణ్ని. రాత్రి దిండు కింద పెట్టి తెల్లారేదాకా ఛార్జింగ్. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు. వేడికి నిండు ఛార్జి కూడా తోడైతే లోపలి రసాయనాలు తొందరగా చెడిపోతాయి, గ్యాస్ పుడుతుంది. మన ఓరుగల్లు ఎండలు 43, 44 డిగ్రీలు దాటుతుంటే నేను రెండూ కలిపి పెట్టాను.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడే అనుమానం వచ్చింది. పొద్దున నిండా ఉన్న ఛార్జి మధ్యాహ్నానికి సగానికి పడింది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్ కోసం ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది, అంతమంది జనంలో అది మామూలే. అందరం ఎక్కడ కలవాలో ముందే అనుకుని ఫ్లైట్ మోడ్ పెట్టుకున్నాం. అయినా అంత వేగంగా పడిపోవడం మాత్రం మామూలు కాదు.

మే నెలలో ఒకరోజు బల్ల మీద పెట్టిన ఫోన్ వేలు తగిలితే గుండ్రంగా తిరిగింది. వెనక మూత ఒక పక్క లేచింది. ఆ సందులో తక్‌పట్టీ కాగితం అంచు పెడితే లోపలికి పోయింది. హన్మకొండ చౌరస్తాలో రిపేరు చేసే తమ్ముడు చూసి, "అన్నా, దీన్ని ఇంక ఛార్జింగ్ పెట్టకు, నొక్కకు" అన్నాడు. మూత తీస్తే బ్యాటరీ చిన్న దిండులా ఉబ్బి ఉంది. ఇలా ఉబ్బినదాన్ని గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. అంటుకునే ప్రమాదం ఉంది.

తక్కువకు వస్తుందని మొదట 600 రూపాయల బ్యాటరీ వేయించాను. రెండు నెలలకే ముప్పై శాతం దగ్గర టక్కున ఆగిపోయేది. రైతుకు డబ్బులు పంపుతుండగా ఆగితే ఎంత టెన్షనో చెప్పలేను. చివరికి సర్వీస్ సెంటర్‌లో 1,600 పెట్టి అసలుది వేయించాను. పాత ఫోన్ ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ఫోన్ మార్చే ముందు బ్యాటరీ మార్చి చూడండి, కానీ అసలుదే వేయించండి.

ఇప్పుడు ఎండలో హోల్డర్ వాడను. దుకాణంలో మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కవరు తీసి ఛార్జింగ్ పెడతాను, ఎనభై దాటనివ్వను. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఎనభై దగ్గర ఆపే అవకాశం ఉంటే వెంటనే ఆన్ చేయండి. పవర్ బ్యాంక్ కొనేవాళ్లు మీద రాసిన 10000 చూసి రెండుసార్లు నిండుతుందనుకోవద్దు. వోల్టేజీ మార్పులో, వేడిలో కొంత పోతుంది. నా ఫోన్ ఒకటిన్నర సార్లు నిండుతుంది. రేటెడ్ కెపాసిటీ అని చిన్న అక్షరాల్లో ఉండే అంకె చూడండి, నిజంగా బయటకు ఇచ్చేది సుమారుగా అంతే.

ఒక్క లోటు మాత్రం బ్యాటరీతో తీరదు. ఆండ్రాయిడ్ 13 దగ్గర ఆగిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లు రావట్లేదు. బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌కు అది చిన్న విషయం కాదు. వచ్చే దసరాకు కొత్తది కొంటాను, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో ముందు అడుగుతాను. బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి దీన్ని నాన్నకు ఇస్తాను. మాట్లాడుకోవడానికి, వీడియోలకు ఆయనకు ఇది చాలు.